ఎర్ర రాగి, తెల్ల రాగి: గింజలో ఫినాల్స్ కొలవడం ఎలా

మాది మదనపల్లె దగ్గర పల్లె. పదకొండేళ్లుగా బెంగళూరులో, హెబ్బాళ వైపు ఓ ల్యాబ్‌లో గింజల పరీక్షలు చేస్తున్నాను. మేం రాగులంటాం, విజయనగరం వైపు చోళ్లంటారు, తెలంగాణలో తైదలంటారు. ఏటా ఈ మూడు ప్రాంతాల నుంచీ కొత్తగా చేరే పిల్లలు "అక్కా, ఫినాల్స్ తీయడం నేర్పించవా" అంటారు. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

బూజు నుంచి, పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే పదార్థాల్లో ఫినాల్స్ ఒకటి. తిన్నవాళ్లకూ వాటితో మేలుంది, పిండిపదార్థం నెమ్మదిగా అరుగుతుంది. రాగిలో ఇవి ఎక్కువగా గింజ పైపొరలోనే ఉంటాయి. అందుకే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే)లో తయారైన జీపీయూ-28 లాంటి ఎర్ర రకాల్లో ఎక్కువ, మండ్యలో తయారైన కేఎంఆర్-340 లాంటి తెల్ల రాగిలో బాగా తక్కువ.

రకాలను పోల్చేటప్పుడు మొదట చూడాల్సింది గింజ ఎక్కడిదని. ఒకటి కోలారు చేనుది, ఇంకొకటి మార్కెట్‌లో కొన్నది అయితే, మీకు కనిపించే తేడా రకానిదో, నేలదో, వానదో తేల్చలేరు. ఒకే చేను, ఒకే పంటకాలం, ఒకే రోజుల్లో కోత ఉండాలి. ప్రతి రకానికీ కనీసం మూడు వేర్వేరు మళ్ల నుంచి గింజ తీసుకోండి. ఒకే పిండిని మూడుసార్లు కొలిస్తే మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది, అంతే. రకం గురించి చెప్పేది ఆ మూడు మళ్లే. వానకు తడిసి నల్లబడ్డ గింజ, బూజు పట్టిన గింజ ఏరేయండి.

తర్వాత పిండి పట్టడం. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. చేరిన ఏడాది నేను ఎర్ర రాగి పట్టిన మిక్సీ జార్‌ను బ్రష్‌తో దులిపి, వెంటనే తెల్ల రాగి వేశాను. తెల్లదాని రీడింగ్ రావాల్సినదానికన్నా చాలా ఎక్కువ వచ్చింది. మూడు రోజులు కెమికల్స్ మార్చి మార్చి చేశాను. చివరికి బ్లేడు విప్పి చూస్తే కింద వాషర్ చుట్టూ ఎర్రటి పిండి గట్టిగా అతుక్కుని ఉంది. అప్పటి నుంచి తెల్లవి ముందు, ముదురు రంగువి చివర. ప్రతి రకంలోనూ మొదట పట్టిన గుప్పెడు పారేస్తాను.

జల్లించాక జల్లెడ మీద ఎర్రటి తునకలు మిగులుతాయి. వాటిని పారేయకండి! అది గింజ పైపొర, మనం వెతుకుతున్న సరుకంతా అందులోనే ఉంది. మళ్లీ పట్టి, మళ్లీ జల్లించి, మొత్తం కిందికి దిగేదాకా చేయాలి.

పిండి 0.5 గ్రాము తూచి, 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన మెథనాల్‌తో కలిపి గంటసేపు షేకర్ మీద ఉంచండి. సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరిన ద్రవం తీసుకోండి. మడ్డిని ఇంకో రెండుసార్లు ఇలాగే కడిగి, అన్నీ కలిపి 25 మి.లీ. చేయండి. ఇదే సారం. మెథనాల్ విషం, త్వరగా అంటుకుంటుంది కూడా. ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయాలి. వెలుతురుకు ఫినాల్స్ పాడవుతాయి కాబట్టి ట్యూబులకు అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. ఇలా వచ్చేవి విడిగా ఉన్న ఫినాల్స్ మాత్రమే. ఫెరూలిక్ ఆమ్లం లాంటివి కణాల గోడలకు అతుక్కుని ఉంటాయి, అవి రావాలంటే మడ్డిని క్షారంతో వేరుగా పరీక్షించాలి.

రంగు తెప్పించేది ఫోలిన్–సియోకాల్టూ ద్రావణం. ఫోలిన్, సియోకాల్టూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1927లో ప్రకటించిన రీఏజెంట్ ఇది. సీసాలో పసుపుగా ఉండాలి. ఆకుపచ్చకు తిరిగితే వాడొద్దు. ద్రావణానికి పదింతలు నీళ్లు కలిపి పలుచన చేసుకోండి. ట్యూబులో 0.5 మి.లీ. సారం, 2.5 మి.లీ. ఈ పలుచని ద్రావణం వేసి, ఐదు నిమిషాలాగి, 2 మి.లీ. 7.5 శాతం సోడియం కార్బొనేట్ పోయండి. పసుపు రంగు ఆకుపచ్చగా మారి, చూస్తుండగానే నీలం దిగుతుంది. ఎర్ర రాగి ట్యూబు సిరాలా ముదురుతుంది, తెల్లది లేత ఆకాశం రంగు దగ్గరే ఆగిపోతుంది. అరగంట చీకట్లో ఉంచి, రంగు ఎంత ముదురుగా ఉందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 765 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి.

ఇరవై ట్యూబులకూ ఒకేసారి కార్బొనేట్ పోసేసి, తీరిగ్గా ఒక్కోటీ చదివితే చివరి ట్యూబుకు ఎక్కువ సమయం దొరికినట్టే. అర నిమిషానికొకటి చొప్పున పోసి, అదే వరుసలో, అదే ఎడంతో చదవండి. డిసెంబరు పొద్దున్న బెంగళూరు చలికి రంగు నెమ్మదిగా వస్తుంది, ఏప్రిల్ మధ్యాహ్నం త్వరగా వస్తుంది. అందుకని ట్యూబులను 25 డిగ్రీల వాటర్ బాత్‌లో పెడతాను. గాలిక్ ఆమ్లం స్టాండర్డ్ గీతను (తెలిసిన మోతాదుల గాలిక్ ఆమ్లానికి వచ్చే రీడింగులతో గీసే గీత, దీనితోనే మన రీడింగ్‌ను పోలుస్తాం) ఏ రోజుకారోజు, అదే మెథనాల్‌లో తయారుచేస్తాను. నిన్నటి గీత మీద ఇవాళ్టి రీడింగ్ లెక్క కట్టకూడదు. బ్లాంక్‌లో, అంటే సున్నా చూసుకునే ట్యూబులో, సారం బదులు మెథనాల్ వేయండి.

లెక్క ఎలాగో చూపించడానికి ఊహించిన అంకెలతో చెప్తాను. సారాన్ని రెండింతలు పలుచన చేశారు, గీత మీద మి.లీ.కి 40 మైక్రోగ్రాములు వచ్చింది. 40ని 2తో, 25తో గుణిస్తే 2,000 మైక్రోగ్రాములు, అంటే 2 మిల్లీగ్రాములు. ఇది 0.5 గ్రాములో ఉన్నది, కాబట్టి 100 గ్రాములకు 400. పిండిలో 12 శాతం తేమ ఉంటే పొడి బరువు 0.44 గ్రామే, అప్పుడు 455 అవుతుంది. జూలై ముసురులో తెరిచిపెట్టిన పిండి ఇట్టే తేమ పీల్చుకుంటుంది. తేమ కొలవకపోతే రకాల వరుసే తారుమారు కావచ్చు.

విటమిన్ సి, కొన్ని చక్కెరలు కూడా ఈ రీఏజెంట్‌కు నీలం తెప్పిస్తాయి. అందుకే ఫలితాన్ని "గాలిక్ ఆమ్లంతో సమానంగా ఇన్ని మిల్లీగ్రాములు" అని రాయండి. ఎక్కువ వచ్చిన రకమే మేలైనదని కూడా రాయొద్దు. ఫినాల్స్‌లోనే ఒక రకమైన టానిన్లు ఎక్కువైతే ఒంటికి ఇనుము అందడం తగ్గుతుంది.

ఒకే రాగి పిండిని పెద్ద సీసాడు ఫ్రీజర్‌లో దాచుకుని, ప్రతి బ్యాచ్‌తోనూ దాన్నీ పరీక్షించండి. దాని విలువ ఎప్పుడూ వచ్చేదానికి 5 శాతం కన్నా అటూ ఇటూ అయితే, నేను ఆ రోజు బ్యాచ్ మొత్తం మళ్లీ చేస్తాను.