అడవి దారుల్లో సైకిల్ యాత్ర – 4వ పాఠం: దూరాన్ని పూటల్లో కొలవడం

మనిషి, సైకిల్, సామాను అన్నీ కలిపి ఎంత బరువో లెక్క కట్టమని పోయిన పాఠం చివర అడిగాను. దాని జవాబుతో మొదలుపెడదాం. మనిషి 68 కిలోలు, సైకిల్ 15, సంచులు, గుడారం, నీళ్లు కలిపి 17. మొత్తం 100 కిలోలు. మీ అంకె వేరుగా ఉంటుంది. దాన్ని నోట్‌బుక్‌లో పైన రాసి పెట్టుకోండి. ఈరోజు దానితో పని ఉంది.

కొత్తగా చేరినవారి కోసం: మనం పాఠం నేర్చుకుంటున్న దారి అమెరికాలో పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్ దాకా వెళ్లేది. మొదటి సగం పాత రైలు కట్ట. పట్టాలు తీసేసి సున్నపురాయి పొడి పరిచిన ఆ బాటను గ్రేట్ అలెఘేనీ ప్యాసేజ్ అంటారు. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ వరకు 241 కిలోమీటర్లు. రెండో సగం చెసాపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు. కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ వరకు పోటోమాక్ నది పక్కనే 297 కిలోమీటర్లు. అంతా కలిపితే 538. అక్కడక్కడ రోడ్లు దాటాలి తప్ప, కార్ల మధ్య నడపాల్సిన అవసరం దాదాపు లేదు.

ఈ దారిని పాఠానికి ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. రైలు ఇంజిన్ నిటారు వాలు ఎక్కలేదు. కాలువ నీళ్లు వాలును అసలే ఒప్పుకోవు. అందుకే ఇంజినీర్లు కొండల్లో కూడా చదునైన దారి తీశారు. రైళ్లు, పడవలు పోయాక ఆ చదును మన సైకిళ్లకు మిగిలింది. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లకు కాలువ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అక్కడి లాకులే ఇక్కడి లాకులు: నీళ్లు నింపి, వదిలి పడవను ఎత్తుకు లేపే, కిందికి దించే గేట్ల అరలు. ఈ కాలువ మీద 74 లాకులున్నాయి. మొత్తం 184 మీటర్ల ఎత్తును అవి మెట్లుగా కోస్తాయి, ఒక్కో మెట్టు దాదాపు రెండున్నర మీటర్లు. కంచర గాడిదలు గట్టు మీద నడుస్తూ మోకుతో పడవను లాగేవి. ఆ గాడిదలు నడిచిన బాట మీదే ఇప్పుడు మనం తొక్కుతాం.

ఈ గట్టు మీద కార్లు లేకపోవడం దానంతట అది జరగలేదు. 1828 జులై 4న మొదలైన ఈ కాలువ 1850లో కంబర్లాండ్ చేరింది. 1924 వరదతో మూతపడింది. తర్వాత దాని మీదుగా కార్ల రోడ్డు వేయాలని ఆలోచన వచ్చింది. అమెరికా సుప్రీం కోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ దానికి ఒప్పుకోలేదు. రోడ్డును సమర్థించిన వాషింగ్టన్ పోస్ట్ సంపాదకులను, వచ్చి నాతో నడిచి చూడండని పిలిచారు. 1954 మార్చిలో కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ వరకు నడిచారు. ఆ దారి మొత్తం నడిచినవారు ఆయనతో కలిపి తొమ్మిది మంది. 1971లో ఇది జాతీయ చారిత్రక పార్కు అయింది. గట్టు మీద సైకిల్ ఎక్కిన ప్రతిసారీ ఆ నడక నాకు గుర్తుకొస్తుంది. ఆ తొమ్మిది జతల కాళ్ల పుణ్యమే ఈ నిశ్శబ్దం.

ఇక ఈరోజు పాఠం. రోజుకు ఎంత దూరం వెళ్లాలో ఎలా నిర్ణయించుకోవాలి?

చాలామంది మొత్తం దూరాన్ని సెలవు రోజులతో భాగిస్తారు. 538ని 6తో భాగిస్తే రోజుకు 90, సరిపోయింది అనుకుంటారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను. కంబర్లాండ్ నుంచి హ్యాంకాక్ వరకు 97 కిలోమీటర్లు ఒక రోజు అని కాగితం మీద రాసుకున్నాను. ముందు రెండు రోజులు వాన పడింది. గట్టు మీద బంకమట్టి టైరుకు, మడ్‌గార్డుకు మధ్య ఇరుక్కుపోయింది. పుల్లతో గోకడం, నాలుగు ఫర్లాంగులు తొక్కడం, మళ్లీ గోకడం. చీకటి పడేసరికి దారి మధ్యలో ఉన్న లిటిల్ ఓర్లీన్స్ ఊరు కూడా రాలేదు. పెద్ద టెన్షన్ పడ్డ రాత్రి అది. కాళ్లలో బలం లేక కాదు, లెక్క తప్పు కట్టి ఇరుక్కున్నాను.

మన పెద్దవాళ్లు దూరాన్ని మైళ్లలో చెప్పేవారు కాదు. "ఆ ఊరు ఒక పూట ప్రయాణం" అనేవారు. ఎండాకాలం పూట వేరు, వానాకాలం పూట వేరని అందులోనే ఉంది. అడవి దారికి సరైన కొలత అదే. మనమూ పూటల్లోనే కొలుద్దాం.

ఒక పూట అంటే పెడల్ తిరిగే 3 గంటలు. ఫొటోలు తీసిన సమయం, టీ తాగిన సమయం ఇందులో కలపకూడదు. గడియారంలో చూస్తే ఆ 3 గంటల తొక్కుడుకు నాలుగు, నాలుగున్నర గంటలు పడుతుంది. అందుకే రోజుకు రెండు పూటలు, అంతకు మించి వద్దు. ఇప్పుడు ఏ నేల మీద ఒక పూటలో ఎంత దూరం పోతామో తెలియాలి. సామానుతో నాకు వచ్చే అంకెలు ఇవి. తారు బాట మీద 54 కిలోమీటర్లు. గట్టిగా ఉన్న సున్నపురాయి పొడి మీద 45. ఎండిన కాలువ గట్టు మీద 36. అదే గట్టు వానకు తడిస్తే 24. మీవి వేరుగా ఉంటాయి, కానీ వాటి మధ్య తేడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు నా పాత తప్పును ఈ కొలతతో చూడండి. 97ను 36తో భాగిస్తే 2.7 పూటలు. నేల ఎండి ఉన్నా రోజుకు మించిన పని. తడి గట్టు లెక్కలో 97ను 24తో భాగిస్తే నాలుగు పూటలు, అంటే నిండా రెండు రోజులు. బయల్దేరే ముందే కాగితం మీద తెలిసిపోయేది.

తర్వాత వాలు. వాలు శాతం కనుక్కోవడానికి ఒక తేలిక సూత్రం: ఎక్కే ఎత్తును మీటర్లలో రాయండి, దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని పదితో గుణించండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఈ దారిలో ఎత్తైన చోటు మేయర్స్‌డేల్ దాటాక వచ్చే తూర్పు జలవిభజన రేఖ, 729 మీటర్లు. అక్కడ పడిన వాన చుక్క ఒక పక్కకు జారితే చివరికి మెక్సికో సింధుశాఖకు, ఇంకో పక్కకు జారితే అట్లాంటిక్‌కు పోతుంది. పిట్స్‌బర్గ్ వైపు నుంచి వస్తే 203 కిలోమీటర్లలో దాదాపు 510 మీటర్లు ఎక్కుతాం. 510ని 2030తో భాగిస్తే 0.25 శాతం. కాన్ఫ్లుయెన్స్ ఊరు దాటాక కొంచెం పెరుగుతుంది గానీ, పెద్దగా తెలియదు. కంబర్లాండ్ వైపు నుంచి వస్తే 38 కిలోమీటర్లలోనే దాదాపు 540 మీటర్లు. 540ని 380తో భాగిస్తే 1.4 శాతం.

1.4 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. పైన రాసుకున్న 100 కిలోలను ఇప్పుడు తీసుకురండి. కిలోమీటరుకు 14 మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు. 100 కిలోలను నాలుగంతస్తులు ఎక్కించాలి, అలా 38 సార్లు, మధ్యలో దిగుడు లేకుండా. అదే పిట్స్‌బర్గ్ వైపు నుంచైతే కిలోమీటరుకు రెండున్నర మీటర్లే. ఆ 1.4 శాతం మీద నా పూట 45 నుంచి 30కి పడిపోతుంది. సామానులో రెండు కిలోలు తగ్గించమని పోయిన పాఠంలో ఎందుకంత పట్టుబట్టానో ఇక్కడ అర్థమవుతుంది.

అందుకే మొదటిసారి వెళ్లేవారిని పిట్స్‌బర్గ్ నుంచే మొదలుపెట్టమంటాను. మొదటి రోజు 58 కిలోమీటర్లు, వెస్ట్ న్యూటన్ దాకా. రెండో రోజు యాకగేనీ నది ఒడ్డునే 67, ఒహాయోపైల్ వరకు. ఈ రోజును తొందరపడి తినేయకండి. నది రాళ్ల మీద విరిగి తెల్లగా ఉరుకుతుంటుంది, చెట్ల నీడ ఎడతెగదు. ఒహాయోపైల్‌లో ఊరి మధ్యనే జలపాతం. మిగిలిన అర పూట అక్కడ కూర్చోవడానికే మిగిల్చాను. మూడో రోజు మేయర్స్‌డేల్, 64. నాలుగో రోజు 51 మాత్రమే: పొద్దున 13 ఎక్కితే, మిగిలిన 38 కంబర్లాండ్ దాకా దిగుడే. రేఖ దాటగానే బిగ్ సావేజ్ సొరంగం, కిలోమీటరు పొడవు. చలికాలంలో, సుమారు డిసెంబరు నడుమ నుంచి ఏప్రిల్ మొదటి దాకా, దాని తలుపులు మూసేస్తారు. యాత్ర తేదీలు వేసుకునే ముందు చూడాల్సింది ముందు అదే. సొరంగం దాటి బయటికి రాగానే మేరీల్యాండ్ లోయ మొత్తం ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుంటుంది. బ్రేకులు పట్టి ఆగండి.

కాలువ గట్టు మీద పంపకం మారుతుంది. కంబర్లాండ్ నుంచి లిటిల్ ఓర్లీన్స్ 70, అక్కడి నుంచి విలియమ్స్‌పోర్ట్ 67, తర్వాత బ్రన్స్‌విక్ 71. మూడూ ఎండిన గట్టు మీద రెండేసి పూటలు. బ్రన్స్‌విక్ నుంచి జార్జ్‌టౌన్ 88, అంటే రెండున్నర పూటలు. దీన్ని రెండు రోజులుగా విరవండి. ఆఖరి రోజు గ్రేట్ ఫాల్స్ దగ్గర పోటోమాక్ రాళ్లలో పడి దూకే చోటు తీరిగ్గా చూడొచ్చు. మొత్తం తొమ్మిది రోజులు. ఆరు రోజులే సెలవు దొరికితే సగం దారి మాత్రమే వెళ్లండి. ఈ దారి ఎక్కడికీ పోదు.

గట్టు మీద మూడు చోట్ల లెక్క సవరించుకోవాలి. మొదటిది పా పా సొరంగం. 950 మీటర్లు, లోపల దీపాలు లేవు, బాట ఇరుకు. దిగి నడిపించుకుంటూ వెళ్లాలి, టార్చి ఉండాలి. దీనికి విడిగా అరగంట రాసుకోండి. 1836లో మొదలైన ఈ సొరంగం 1850కి గానీ పూర్తి కాలేదు. దాని ఇటుక గోడను చేత్తో తాకుతూ నడిచే ఆ పావుగంట నాకు యాత్ర మొత్తంలో ఎంతో ఇష్టం. రెండోది నీళ్లు. గుడారం వేసుకునే చోట్ల బోరింగులు ఉంటాయి, మందు కలిపిన నీళ్లు వస్తాయి. నీటి పరీక్షలో తేడా వస్తే హ్యాండిల్ తీసేస్తారు, చలికాలంలో అన్నీ మూసేస్తారు. కాబట్టి ఒక పూటకు సరిపడే నీళ్లు ఎప్పుడూ సీసాలో ఉండాలి. ఆ చోట్ల నియమాలు పార్కు వాళ్లు మారుస్తుంటారు, వెళ్లే ముందు చూసుకోండి. మూడోది వెలుతురు. అక్టోబరు నడుమ ఇక్కడ సాయంత్రం ఆరున్నరకు పొద్దు గుంకుతుంది. చెట్ల కింద అంతకు అరగంట ముందే మసక చీకటి కమ్ముతుంది. ఆ నెలలో రెండో పూటను మధ్యాహ్నం ఒంటిగంటకే మొదలుపెట్టాలి.

వాన పడితే ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. లిటిల్ ఓర్లీన్స్ నుంచి బిగ్ పూల్ దాకా కాలువకు సమాంతరంగా వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్ ట్రైల్ ఉంది. 45 కిలోమీటర్ల తారు బాట, అదీ కార్లు లేనిదే. తడి గట్టు మీద దాదాపు రెండు పూటలు పట్టే దూరం అక్కడ పూట లోపే అయిపోతుంది. మిగిలిన చోట్ల అలాంటి వీలు లేదు. అందుకే మూడు రోజులకొక పూట ఖాళీగా వదలమంటాను. వాన రాకపోతే ఆ పూట నది ఒడ్డున నిద్రపోండి.

అభ్యాసాలు రెండు.

మొదటిది మీ పూటను కొలవడం. యాత్రకు మోసే సామానంతా కట్టుకుని 3 గంటలు తొక్కండి, ఆగిన సమయం తీసేసి దూరం రాయండి. వర్జీనియాలో యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉన్న మనవాళ్లకు ఇంటి పక్కనే డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ ఉంది. అదీ పాత రైలు కట్టే, 72 కిలోమీటర్ల తారు బాట. ఒక ఆదివారం దాని మీద, ఇంకో ఆదివారం కాలువ గట్టు మీద తొక్కి రెండు అంకెలూ రాయండి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారు ఒకసారి తారు మీద, ఇంకోసారి ఏదైనా కాలువ గట్టు మీద కొలవండి.

రెండోది లెక్క. హ్యాంకాక్ నుంచి విలియమ్స్‌పోర్ట్ 40 కిలోమీటర్లు. మొదటి 18 కిలోమీటర్లకు పక్కన తారు బాట ఉంది. రాత్రంతా వాన పడింది. మొత్తం గట్టు మీదే వెళ్తే ఎన్ని పూటలు? తారు బాట ఉన్నంత వరకు దాని మీద వెళ్తే ఎన్ని పూటలు? మొదట నా అంకెలతో, తర్వాత మీ అంకెలతో కట్టండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది. ఆ పాఠంలో తిండి సంగతి చూద్దాం: పులిహోర ఎన్ని పూటలు నిలుస్తుంది, అటుకులు ఎన్ని గ్రాములు కట్టుకోవాలి, కొట్టు లేని 60 కిలోమీటర్లను ఎలా దాటాలి.