వరి మడికి నీలి ఆకుపచ్చ నాచు: ఇంటి దగ్గరే పెంచుకోవడం ఎలా?

నాట్లు వేసిన వారం పది రోజులకు మడిలో నీటి మీద పాచి తేలుతుంది. దాన్ని తీసి గట్టు మీద పారేయడం చాలామందికి అలవాటు. ఆ పాచిలో కొంత నిజంగానే పనికిరాదు. కానీ నీలం కలిసిన ముదురు ఆకుపచ్చ రంగులో ఉండి, ఆరితే పల్చటి పెచ్చులుగా లేచేది కనబడితే దాన్ని పారేయకండి. గాలిలోని నత్రజనిని పట్టి వరికి అందించే సయనోబ్యాక్టీరియా అది కావచ్చు. మనవాళ్లు నీలి ఆకుపచ్చ నాచు అంటారు. పేరుకు నాచే గానీ, కణంలో కేంద్రకం లేని బ్యాక్టీరియా.

ఎరువు వేయకుండా ఏళ్ల తరబడి వరి పండించినా నేలలో నత్రజని ఎందుకు అడుగంటదు? బెంగాల్ వరి నేలలను పరిశీలించిన పి.కె. డే 1939లో ఈ నాచునే జవాబుగా చూపారు. తర్వాత కాశీలో ఆర్.ఎన్. సింగ్ దీనితో చౌడు నేలల్ని బాగుచేసే ప్రయత్నాలు చేశారు. రైతు తన పెరట్లోనే పెంచుకునే మట్టి తొట్టి పద్ధతి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జి.ఎస్. వెంకటరామన్ చేసిన కృషితో ప్రచారంలోకి వచ్చింది. కింద చెప్పేది ఆ పద్ధతే.

1. మంచి విత్తనం సంపాదించండి

మొదలుపెట్టడానికి పావు కిలో ఎండు నాచు చాలు. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గానీ అడగండి. అనబీనా, నాస్టాక్, టాలిపోత్రిక్స్, ఆలోసైరా లాంటి రకాలు కలిపి ఇస్తారు. మీ మడిలో తేలిన పెచ్చులు కూడా పనికొస్తాయి. నా మాటైతే వాటినే ముందు ప్రయత్నించమంటాను. బయటి నుంచి తెచ్చిన రకం చాలాసార్లు స్థానిక రకాల పోటీకి నిలవదు. మీ నేలకు, మీ నీటికి అలవాటు పడినదానికి ఆ బెంగ లేదు.

అయితే అది సరైన నాచేనా అని ఒకసారి చూపించుకోవాలి. ఊళ్లో డిగ్రీ కాలేజీ ఉంటే వృక్షశాస్త్రం మాస్టారిని మైక్రోస్కోపు కింద చూడమనండి. పూసల దండ లాంటి పోగులు కనిపించాలి. మధ్య మధ్యలో ఒక్కో పూస మిగతావాటికన్నా లేతరంగులో, మందపాటి గోడతో ఉండాలి. అదే హెటెరోసిస్ట్. నత్రజనిని పట్టే ఎంజైమును ఆక్సిజన్ పాడుచేస్తుంది. పక్క కణాలేమో ఎండలో ఆక్సిజన్ వదులుతూనే ఉంటాయి. అందుకే ఆ ఒక్క కణం ఆక్సిజన్ తయారీ మానేసి, గోడ మందం చేసుకుని, నత్రజని పనికే అంకితమవుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో!

మురుగు కలిసిన చెరువుల మీద ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు పేరుకునే తెట్టును మాత్రం ముట్టుకోకండి. అది తరచుగా మైక్రోసిస్టిస్. కాలేయాన్ని దెబ్బతీసే విషం అందులో ఉండొచ్చు. ఆ నీళ్లు పశువులను కూడా తాగనివ్వకండి.

2. తొట్టి సిద్ధం చేయండి

రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, జానెడు లోతు ఉన్న రేకు తొట్టి కావాలి. లేకపోతే అదే కొలతతో గుంత తీసి పాలిథిన్ పట్టా పరవండి. చెట్టు నీడ పడకూడదు. ఎనిమిది నుంచి పది కిలోల జల్లించిన పొలం మట్టి, 200 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసి, నాలుగైదు అంగుళాల ఎత్తున నీళ్లు పోసి కలపండి. నత్రజని గాలిలోంచి వస్తుంది గానీ భాస్వరం అలా రాదు, మనమే ఇవ్వాలి. మట్టి పుల్లనిదైతే కాస్త సున్నం కలపండి. ఆమ్ల నేలలో ఈ నాచు సరిగా పెరగదు.

బురద పూర్తిగా అడుగుకు చేరి నీరు తేటపడ్డాకే విత్తనం పైన చల్లండి. కలపకండి.

3. ఎండకు వదిలేయండి

ఏప్రిల్, మే నెలలు దీనికి అనువైన కాలం. పది పదిహేను రోజుల్లో మందపాటి పొర కడుతుంది. నీరు ఆవిరైతే సాయంత్రం పూట నెమ్మదిగా పోయండి. దోమ పిల్లలు, నాచును మేసే సన్నటి నీటి పురుగులు పడితే వేపగింజల పొడి చల్లండి.

4. ఎండబెట్టి దాచండి

పొర గట్టిపడ్డాక నీళ్లు పోయడం ఆపేయండి. మట్టి ఆరి పగుళ్లిచ్చి, నాచు పెచ్చులుగా లేస్తుంది. ఏరుకోండి. ఏరేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము పీల్చకూడదు. ఒక్కో కోతకు సుమారు కిలోన్నర నుంచి రెండు కిలోలు వస్తాయి. మళ్లీ నీళ్లు, కొంచెం సూపర్ వేస్తే అదే మట్టిలో ఇంకో రెండు కోతలు తీయొచ్చు.

ఎండిపోయిందని దిగులు వద్దు. పొడి నమూనాగా 80 ఏళ్లకు పైగా దాచిన నాస్టాక్‌కు తడి తగిలితే మళ్లీ ప్రాణం వచ్చింది. తేమ తగలని సంచిలో, ఎరువులకూ పురుగు మందులకూ దూరంగా పెట్టండి.

5. మడిలో చల్లండి

నాట్లు వేసిన వారం పది రోజులకు, ఎకరానికి 4 కిలోలు, నిలిచిన నీటి మీద సమంగా చల్లండి. తర్వాత పది రోజులు మడి ఆరనివ్వకండి, నీరు బయటికి పోనివ్వకండి.

యూరియా సంగతే అసలు చిక్కు. నీటిలో నత్రజని పుష్కలంగా ఉంటే ఈ నాచు తానుగా పట్టడం తగ్గించేస్తుంది. బాగా కుదిరితే ఒక పంటకు హెక్టారుకు 20 నుంచి 30 కిలోల నత్రజని అందుతుంది. ఎకరానికి లెక్కేస్తే పది కిలోలు, అంటే 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు సగం. మొదటి పంటలోనే అంత తగ్గించేయకండి. ఒక మడిలో తగ్గించి, పక్క మడిలో మామూలుగా వేసి, దిగుబడి తూచి చూడండి. వరుసగా మూడు నాలుగు పంటలు చల్లితే నేలలో స్థిరపడే అవకాశం ఉంటుంది.

చివరి కోతలో పావు కిలో పెచ్చులు పక్కన పెట్టుకోండి, వచ్చే వేసవి తొట్టికి అదే విత్తనం.