జావాస్క్రిప్ట్‌లో రెండు స్ట్రింగ్‌లను పోల్చడం ఎలా?

స్ట్రింగ్ అంటే కొటేషన్ గుర్తుల మధ్య రాసిన అక్షరాల వరుస. సరంజామా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బ్రౌజర్ తెరిచి, ఎఫ్12 నొక్కి, కోడ్ టైప్ చేసి నడిపి చూసే కన్సోల్‌లోకి వెళ్లండి. కింది వరుసలన్నీ అక్కడే నడుస్తాయి.

1. గుర్తు ఎంచుకోండి. ఒక్క = పోల్చదు, కుడివైపు విలువను ఎడమవైపు వేరియబుల్‌లో పెడుతుంది. == వాడితే జావాస్క్రిప్ట్ రెండు వైపుల రకాలనూ తనకు తోచినట్టు మార్చి చూస్తుంది. అందుకే '' == 0 నిజమని తేలుతుంది. === రకాన్నీ చూస్తుంది, విలువనూ చూస్తుంది. ఇది 1999 నాటి ఎక్మాస్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్ ప్రమాణం పేరు) మూడో సంచిక నుంచీ ప్రమాణంలో ఉంది. అయినా చాలా పాఠాలు ఇప్పటికీ == తోనే మొదలవుతాయి, === ఎక్కడో చివర్లో హెచ్చరికగా వస్తుంది. మీరు మాత్రం == అనేదే లేదనుకోండి.

2. షరతు పూర్తిగా రాయండి. జవాబు === 'అవును' || 'ఔను' అని (|| అంటే 'లేదా') రాస్తే ఆ షరతు ఎప్పుడూ నెగ్గుతుంది, ఎందుకంటే ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా నిజం కిందే లెక్క. జవాబు === 'అవును' || జవాబు === 'ఔను' అని రెండుసార్లూ వేరియబుల్ పేరు రాయాల్సిందే.

3. పోల్చే ముందు రెండు వైపులా శుభ్రం చేయండి. అసలు తిప్పలన్నీ ఇక్కడే. "కళ్లకు రెండూ ఒకేలా ఉన్నాయి, కంప్యూటర్ మాత్రం కాదంటోంది" అనేవాళ్లు ముందుగా గుర్తునే అనుమానించి === తీసేసి == పెడతారు. రెండు వైపులా స్ట్రింగులే అయినప్పుడు ఆ రెండు గుర్తులూ ఒకే పని చేస్తాయి, కాబట్టి ఫలితం మారదు. తేడా స్ట్రింగ్ లోపల ఉంది.

మొదట రెండింటి లెంగ్త్ (length, అంటే పొడవు) అచ్చు వేసి చూడండి. అంకెలు వేరుగా ఉంటే, కనబడనిదేదో లోపల ఉన్నట్టే. చాలాసార్లు అది ఫారం నింపినవారు చివర్లో కొట్టిన స్పేస్. ట్రిమ్ (trim()) దాన్ని తీసేస్తుంది, కానీ రెండు చివర్లే చూస్తుంది, మధ్యలోకి వెళ్లదు. ఇంగ్లిష్ అక్షరాల్లో పెద్ద ఏ సంకేతం (కంప్యూటర్ దాన్ని గుర్తించే సంఖ్య) 65, చిన్న ఏ సంకేతం 97. ఆ భేదం అక్కర్లేకపోతే toLowerCase() అనే టు లోయర్ కేస్‌తో రెండు వైపులనూ చిన్న అక్షరాల్లోకి మార్చండి. ఒక్క వైపే మార్చి వదిలేసిన కోడ్ నాకు తరచూ ఎదురవుతుంది.

తెలుగు పాఠ్యంలో ఇంకో చిక్కుంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో వ వత్తు పడకుండా కొందరి కీబోర్డు వెడల్పు లేని ఒక గుర్తును చొప్పిస్తుంది, దాని సంకేతం 8204. అది ఉంటే లెంగ్త్ 11, లేకపోతే 10. ట్రిమ్ దాన్ని ముట్టుకోదు, replaceAll() అనే రీప్లేస్ ఆల్‌తో మీరే తీయాలి. అలాగే ఐత్వం ఒకే సంకేతంగా (3144) రావచ్చు, రెండు ముక్కలుగానూ (3142, 3158) రావచ్చు. తెర మీద రెండూ ఒకటే, === కు మాత్రం వేరు. నార్మలైజ్ (normalize()) పిలిస్తే రెండూ ఒకే రూపానికి వస్తాయి.

ఈ పనులన్నీ ఒకే ఫంక్షన్‌లో పెట్టి, రెండు వైపులనూ దాని గుండానే పంపండి. ప్రతి షరతులోనూ విడివిడిగా ట్రిమ్ అతికించే పద్ధతి నాకు నచ్చదు, ఎక్కడో ఒకచోట మరిచిపోవడం ఖాయం. శుభ్రం చేసిన నకలు పోల్చడానికి మాత్రమే. వాడుకరి రాసిన అసలు మాటను అలాగే దాచండి, లేకపోతే తిరిగి చూపించేటప్పుడు వాళ్ల పేరే పాడవుతుంది.

4. ఏది ముందు, ఏది వెనక అని తేల్చాలంటే < చాలదు. '10' < '9' నిజమే అవుతుంది, ఎందుకంటే స్ట్రింగులను మొదటి అక్షరం నుంచి సంకేతాల వారీగా పోలుస్తారు. ఇన్‌పుట్ పెట్టె నుంచి వచ్చే విలువ అంకెలే అయినా స్ట్రింగే, ముందు నంబర్‌గా మార్చుకోండి. మాటలను వరుసలో పెట్టడానికి లోకేల్ కంపేర్ (localeCompare()) వాడండి. రెండూ సమానమైతే అది సున్నా ఇస్తుంది, సున్నా అబద్ధం కింద లెక్క. దాన్ని నేరుగా షరతులో పెడితే ఫలితం తలకిందులవుతుంది.

పాస్‌వర్డ్‌కు ట్రిమ్, చిన్న అక్షరాల మార్పు వద్దు. అందులో స్పేస్ కూడా వాడుకరి ఎంచుకున్నదే. ఆ పోలిక సర్వర్‌లోనే జరగాలి, బ్రౌజర్‌కు పంపిన కోడ్‌ను ఎవరైనా తెరిచి చదవగలరు.