పురాణంతో భయపెట్టాలంటే ముందు నియమం వెతకండి

పురాణం ఆధారంగా హారర్ నవల రాయాలనుకునేవాళ్లు చాలామంది ముందు రాక్షసుణ్ని వెతుకుతారు. నేనైతే నియమాన్ని వెతకమంటాను. మన గుళ్లలో ‘ఇది ముందు చెయ్యి, అది చెయ్యకు’ అనే మాట ఒకటి ఉంటుంది. దాని వెనక ఒక కథ ఉంటుంది. భయం పుట్టేది అక్కడే.

కాళేశ్వరమే చూడండి. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి యముడిది, రెండోది ముక్తీశ్వరుడిగా కొలిచే శివుడిది. ముక్తీశ్వరుణ్ని కొలిచినవాళ్లందరికీ మోక్షం దొరుకుతుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన మొరపెట్టుకుంటే శివుడు తన పక్కనే చోటిచ్చాడు. అందుకే మొదటి మొక్కు యముడికి. ఆయన్ని దాటేసి శివుడి దగ్గరికి పోయినవాణ్ని యముడు వదలడు. ముక్తీశ్వర లింగానికి రంధ్రాలున్నాయి. వాటిలో పోసిన నీళ్లు నేల లోపలి నుంచే సంగమానికి చేరతాయని చెప్తారు.

ఇక ఈ కాలం మనిషి కావాలి. అదే జిల్లాలో భూపాలపల్లి బొగ్గుబాయిలున్నాయి. మా బాపు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి నా మనసు అటే పోతుంది. మీ కథానాయకుడు నైట్ షిఫ్ట్‌కు టైమైందని శివుడికి మాత్రం నీళ్లు పోసి వచ్చేశాడు. అవ్వ ఫోన్ చేసి అడిగింది: “ముందుగాల యముడికి మొక్కినవా బిడ్డా?” “మొక్కిన అవ్వా” అన్నాడు. నియమం పాఠకుడికి అప్పటికే తెలిసి ఉండాలి. అప్పుడే ఆ చిన్న అబద్ధం దగ్గర సస్పెన్స్ మొదలవుతుంది.

ఆ రాత్రి ఊట లేని చోట పైకప్పు నుంచి నీటి చుక్క పడనివ్వండి. ఒక అధ్యాయానికి అది చాలు. మారేడాకు తర్వాత పడొచ్చు. బాయిలో పైకప్పును కొట్టి శబ్దం వింటారు: గట్టిగా మోగితే నిలబడొచ్చు, డొల్లగా మోగితే పక్కకు జరగాలి. మీవాడు కొట్టాక అవతలి నుంచి ఎవరో తిరిగి కొట్టాలి. ఇలాంటి పని వివరం ముందు పేజీల కొద్దీ చీకటి వర్ణన వెలవెలబోతుంది.

యముణ్ని విలన్ చేయకండి. ఆయన ధర్మరాజు, తప్పు మనవాడిదే కావడంలోనే అసలు భయం ఉంది. కఠోపనిషత్తులో నచికేతుడు యముడి ఇంట మూడు రాత్రులు తిండి లేకుండా ఎదురుచూశాడు. మీ కథను మూడు నైట్ షిఫ్టుల్లో నడపండి. ఈసారి ఎదురుచూసేది యముడు.

మేడారం తల్లుల్ని మాత్రం ఈ పనికి వాడొద్దని నా గట్టి మాట. సమ్మక్క, సారలమ్మ జనం కోసం పోరాడి ప్రాణాలిచ్చినవాళ్లు. వాళ్లను దెయ్యాలుగా చూపిస్తే కోట్లాదిమంది మనసు నొచ్చుకుంటుంది.

రాసిన అధ్యాయాన్ని బాయిలో పనిచేసినవాళ్లకు చదివి వినిపించండి. పనిముట్టు పేరో, దిగే దారో తప్పైతే వాళ్లు అక్కడే ఆపేస్తారు. అది సరిదిద్దాకే తర్వాతి అధ్యాయం మొదలుపెట్టండి.