తుపాను నెలల ముందు సంఘం పెద్దలకు జాగ్రత్తలు: మీ మాట చివర చెప్పండి

మొన్నటి వాయుగుండానికి ఒడిశాలోని మా గజపతి జిల్లాలో ఒక గోదాములో ధాన్యం బస్తాలు తడిసి మొలకలెత్తాయి. గాలి పెద్దగా లేదు. పైకప్పు రేకు ఒక్కటి కూడా లేవలేదు. వెనక ఉన్న కాలువ పూడిపోయి, నీళ్లు ఎదురు తన్ని గోడ కింది నుంచి లోపలికి వచ్చాయి. కాలువ పూడిన సంగతి రాత్రి కాపలాదారుకు ముందే తెలుసు. తెలిసి ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అందరూ అతని మీద పడుతున్నారు. ఆ ముందురోజు సమావేశంలో నేనూ ఉన్నాను. ఎందుకు చెప్పలేదో చూశాను.

కార్యదర్శి గారు వస్తూనే ఫోనులో వాతావరణ పటం చూపించి, "ఇది కళింగపట్నం వైపు పోతుంది, మనకు జల్లులు తప్ప ఏమీ ఉండదు. ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అన్నారు. కాపలాదారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి కుర్చీ వేయలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. ఇంతలో టీ వచ్చింది. సమావేశం అయిపోయింది.

అక్టోబరు దగ్గరకొస్తోంది. 1999 మహా తుపాను, 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, అన్నీ ఆ నెలలోనే వచ్చాయి. టార్చిలైట్లు, అటుకులు, తాగునీటి డబ్బాల జాబితా ఇక్కడ రాయను. అది అందరి దగ్గరా ఉంది. ఇది గంజాం నుంచి కొరాపుట్ దాకా పొదుపు సంఘమో, ధాన్యం సొసైటీయో, పడవల సంఘమో, బడో, మిల్లో నడుపుతున్న పెద్దలకు.

సమావేశంలో

మీ అభిప్రాయం చివర చెప్పండి. ఇన్ని సంస్థలను చూశాక, మంచివాళ్లు, కష్టపడేవాళ్లు, నిజాయితీపరులు కూడా మునిగిపోయింది ఈ ఒక్క తప్పు వల్లే అని నాకు గట్టి నమ్మకం. పెద్దాయన ముందు నోరు తెరిచి "ఏమీ కాదు" అనేస్తే, ఆ తర్వాత మాట్లాడేవాడు తనకు తెలిసింది చెప్పినట్లు కాదు, పెద్దాయనకు ఎదురు చెప్పినట్లు అవుతుంది. నెల జీతం మీద బతికేవాడు ఆ పని చేయడు. గంగిరెద్దులా తలూపి ఇంటికి పోతాడు. మీరేమో అందరూ ఒప్పుకున్నారని అనుకుంటారు.

ఇది చదువు లేనివాళ్ల సమస్య అనుకోకండి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో, పొగమంచులో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. డచ్చి విమానం పరుగు అందుకున్నాక అందులోని ఫ్లైట్ ఇంజనీరు, అవతలి విమానం రన్‌వే మీద నుంచి తప్పుకుందా అని అనుమానంగా అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అనేశారు. ఆయన ఆ కంపెనీలో పేరున్న సీనియర్ పైలట్. ఇంజనీరు మరి రెట్టించలేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో, కింది ఉద్యోగి పైవాడికి అభ్యంతరం చెప్పడం, పైవాడు ఆగి వినడం విమాన సిబ్బంది శిక్షణలో భాగమయ్యాయి. చెప్పడం ఒక్కటే కాదు, వినడం కూడా నేర్పించాల్సి వచ్చిందని గమనించండి.

చిన్నవాడితో మొదలుపెట్టండి. కాపలాదారు, హమాలీ, వంటమనిషి, పడవ తోసేవాడు, చివరికి మేనేజరు. ఆ తర్వాతే మీరు. సవర, తెలుగు, ఒడియా, ఎవరికి ఏది వస్తే అందులోనే చెప్పనివ్వండి. మధ్యలో మీరు అందుకుని వాక్యం పూర్తి చేయకండి.

"ఎవరికైనా సందేహాలున్నాయా" అని అడగకండి, దానికి జవాబు రాదు. గారీ క్లైన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి ఒకటి ఉంది: పని ఇంకా మొదలుకాకముందే, అది పూర్తిగా చెడిపోయిందని అనుకుని, ఎందుకు చెడిందో తలా ఒక కారణం చెప్పమనడం. "తుపాను వెళ్లిపోయింది, మన గోదాము మునిగింది, ఎలా మునిగింది?" అని అడిగితే కాపలాదారు కాలువ సంగతి చెప్పేవాడు. అలా అడిగినప్పుడు తప్పు చూపించడమే అతని పని అవుతుంది, తిరుగుబాటు కాదు.

అనుభవం ఉన్నవాళ్లకు

"నేను ఫైలిన్ చూశాను" అనేవాళ్లతో మరీ జాగ్రత్త. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. 1999లో దాదాపు 10 వేల ప్రాణాలు పోయిన రాష్ట్రంలో ఆసారి మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. గొప్ప పనే. అయిదేళ్లకు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి వానలకు మన కొండల్లో చరియలు విరిగాయి. బరఘర ఊరివాళ్లు వానకు తలదాచుకుందామని ఒక గుహలోకి వెళితే, దాని మీదే కొండ విరిగిపడింది. సముద్రానికి అంత దూరంలో, గాలికి కాదు, మట్టికి చనిపోయారు. తుపాను అంటే గాలి అని నేర్చుకున్నవాడికి వాన కనిపించదు. చూసిన తుపాను గురించి మీకు తెలుసు. రాబోయేదాని గురించి కొండ మీద ఉన్నవాణ్ని, కాలువ పక్కన ఉన్నవాణ్ని అడగండి. అడిగేటప్పుడు మీ కథ ముందు చెప్పకండి.

డబ్బు, తాళాలు, అధికారం

వాతావరణ శాఖ 72 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, తర్వాత 48, 24 గంటల ముందు హెచ్చరికలు ఇస్తుంది. ఏ దశలో ఎవరు ఏం చేయాలో ఎండ కాస్తున్నప్పుడే రాసి గోడకు అంటించండి. వాన మొదలయ్యాక ఆలోచించేది మీ భయం, మీరు కాదు.

బస్తాలు ఎత్తించడానికి ట్రాక్టరు, కూలీలు అనవసరంగా ఖర్చయితే పోయేది ఒక రోజు కిరాయి. తేమ 17 శాతం దాటిన ధాన్యాన్ని ప్రభుత్వ కొనుగోలులో తీసుకోరు. తడిస్తే పోయేది రైతు ఏడాది. ఆ లెక్క కమిటీ చేత ముందే ఒప్పించుకోండి.

గోదాము తాళం ఇద్దరి దగ్గర ఉండాలి.

డీజిలుకు డబ్బు ముందే తీసి పెట్టండి. సంతకం కోసం మీ ఇంటికి మనిషిని పంపించుకోకండి.

మీరు బరంపురంలోనో విశాఖలోనో చిక్కుకుంటే ఎవరి మాట చెల్లుతుందో పేరు పెట్టి అందరి ముందు చెప్పండి. "చూసుకోండి" అంటే చాలదు.

అతను తీసుకున్న నిర్ణయాన్ని తిరిగొచ్చాక తిరగరాయకండి.

సెల్ టవర్లు పోతాయి. ఫోనుకు అందే పెద్దరికం ఆ రాత్రి పనికిరాదు.

కింద నుంచి చెడ్డ కబురు తెచ్చినవాడి మీద అరవకండి. ఒక్కసారి అరిస్తే ఆ ఏడాదికి కబుర్లు ఆగిపోతాయి.

పొగిడేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకోకండి, కనీసం డిసెంబరు దాకా.

పడవలు వెళ్లొద్దంటే వెళ్లొద్దు. మీ బావమరిది పడవ కూడా.

పిల్లల్ని పాత భవనంలో ఉంచకండి. అనుమతి తర్వాత అడగండి.

మీరు చివర మాట్లాడండి. ఇది మళ్లీ రాస్తున్నది మరిచిపోయి కాదు. మొదటిసారి చదివి "మన దగ్గర అలా ఉండదు" అనుకున్నవాళ్ల కోసం.

తుపాను పక్కకు పోతే, ముందే బస్తాలు ఎత్తించినవాణ్ని ఎవరూ ఎగతాళి చేయకుండా చూడండి. ఆ కూలీ డబ్బులు ఆ వారంలోనే ఇచ్చేయండి.