హైబ్రిడ్ విధానంలో ఆఫీసుకు తిరిగి వచ్చిన టీమ్‌లో ఉత్సాహం తగ్గితే: సమస్య - పరిష్కారం

వారంలో కొన్ని రోజులు ఆఫీసులో, మిగతా రోజులు ఇంటి నుంచి పనిచేసే హైబ్రిడ్ విధానంలో ఆఫీసుకు రావడం మొదలయ్యాక టీమ్ నీరసపడినట్లు కనిపిస్తే, చాలామంది మేనేజర్లు ముందుగా విందులు, ఆటల పోటీలు ఏర్పాటు చేస్తారు. వాటివల్ల ఒక మధ్యాహ్నం సరదాగా గడవవచ్చు గాని, మరుసటి వారానికి పరిస్థితి మళ్లీ మొదటికే వస్తుంది. అందుచేత ముందు లక్షణాన్ని సరిగా గుర్తించడం మంచిది.

లక్షణం: ఆఫీసుకు వచ్చినవారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని రోజంతా వీడియో కాల్స్‌లోనే ఉంటున్నారు, "ఈ మాత్రం దానికి ఇంత దూరం రావాలా?" అన్న మాట తరచుగా వినిపిస్తోంది.

కారణం: వారానికి ఎన్ని రోజులు రావాలో నిర్ణయించారు గాని, ఆ రోజుల్లో ఏం చేయాలో ఎవరూ ఆలోచించలేదు. ఎవరికి వీలైన రోజున వారు వస్తున్నందువల్ల, కలిసి పనిచేసే నలుగురూ ఒకే రోజున ఎదురుపడటమే లేదు.

పరిష్కారం: గత రెండు వారాల క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎవరిని కలవలేకపోతున్నారో తెలిసిపోతుంది. ఆపైన టీమ్ సభ్యులే మాట్లాడుకుని ఉమ్మడి రోజులను ఎంచుకోవాలి. కొత్తగా చేరినవారికి పని నేర్పడం, అభిప్రాయభేదాలున్న విషయాలను తేల్చుకోవడం, కాగితం మీద బొమ్మలు గీసుకుంటూ చర్చించవలసిన ప్రణాళికలు ఆ రోజులకు కేటాయించి, ఒంటరిగా కూర్చుని చేసే రాతపనినీ నివేదికలనూ ఇంటి రోజులకు మార్చాలి. చైనాకు చెందిన ప్రయాణ బుకింగ్ సంస్థ ట్రిప్.కామ్‌లో 1,612 మంది ఉద్యోగులతో ఆరు నెలలు జరిపిన ప్రయోగంలో, ఒక వర్గానికి బుధ, శుక్రవారాల్లో ఇంటి నుంచి పనిచేసే అవకాశం ఇచ్చారు. ఆ వర్గంలో ఉద్యోగం మానేసేవారు సుమారు మూడో వంతు తగ్గారనీ, పనితీరు మాత్రం దెబ్బతినలేదనీ 2024లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వెలువడిన పరిశోధన పేర్కొంది. ఇంటి రోజులు అందరికీ ఒకటే కావడంతో ఆఫీసు రోజులూ ఒకటే అయ్యాయన్నది ఇక్కడ గమనించదగిన సంగతి.

లక్షణం: ఉదయం కార్డు స్వైప్ చేసి, మధ్యాహ్నానికల్లా వెళ్లిపోతున్నారు.

కారణం: కొలుస్తున్నది పనిని కాదు, హాజరును. దేన్ని లెక్కపెడితే మనుషులు దాన్నే సమకూర్చి పెడతారు. ఇందులో వారిని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు.

పరిష్కారం: స్వైప్ వివరాలను వ్యక్తుల మీద నిఘాకు కాక, ఏ రోజు ఎన్ని సీట్లు అవసరమో అంచనా వేయడానికే వాడుతున్నామని చెప్పాలి, చెప్పినట్లే నడుచుకోవాలి.

లక్షణం: ఇంటి నుంచి మీటింగ్‌లో చేరినవారు మౌనంగా ఉండిపోతున్నారు, మీటింగ్ ముగిశాక నడవాలో నిలబడి మాట్లాడుకున్నవారే అసలు నిర్ణయం తీసుకుంటున్నారు.

కారణం: కళ్లెదుట ఉన్నవారే ఎక్కువ పనిచేస్తున్నారనే భావన మేనేజర్‌కు తెలియకుండానే ఏర్పడుతుంది. ప్రమోషన్ల సమయంలో ఇది బయటపడేసరికి, నష్టపోయినవారి మనసు అప్పటికే విరిగిపోయి ఉంటుంది.

పరిష్కారం: ఒక్కరు తెర మీద ఉన్నా, గదిలోనివారు కూడా తమ తమ ల్యాప్‌టాప్‌ల నుంచే చేరాలి. నడవాలో కుదిరిన నిర్ణయాన్ని ఆ రోజే అందరూ చూసే చోట రాసిపెట్టాలి. అప్రైజల్‌కు (పనితీరు సమీక్షకు) ముందు, ప్రతి ఒక్కరూ పూర్తి చేసిన పనుల జాబితాను వారు ఎక్కడ కూర్చుని చేశారన్న ప్రస్తావన లేకుండా చదివి చూస్తే, మన అభిప్రాయాల్లో కొన్ని మారవచ్చు.

లక్షణం: అనుభవజ్ఞులైన పాతవారే ఎక్కువ అసంతృప్తితో ఉన్నారు.

కారణం: పిల్లల, పెద్దల సంరక్షణను వారు ఇంటి నుంచి పనిచేసే వేళలకు అనుగుణంగా అమర్చుకున్నారు. ఆదేశం హఠాత్తుగా, కారణం చెప్పకుండా వచ్చింది. పైగా ఆదేశం ఇచ్చిన అధికారులే ఆ రోజుల్లో కనిపించడం లేదు. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువగా మనసు విరిచేది ఈ చివరిదే.

పరిష్కారం: ఏర్పాట్లు మార్చుకోవడానికి కొన్ని వారాల వ్యవధి ఇవ్వాలి. మినహాయింపు ఎవరికి, ఎందుకు వర్తిస్తుందో రాతపూర్వకంగా ఉంచాలి. అధికారులు కూడా ఆ నియమాన్నే పాటించాలి.

లక్షణం: రొద, సీటు దొరక్కపోవడం. సీట్లను ముందుగా కేటాయించే పద్ధతి, కాల్స్‌కు తలుపున్న చిన్న గదులు ఉంటే ఇది చాలావరకు తీరుతుంది.

ఇవన్నీ సరిచేసి ఆరు వారాలు గడిచినా మార్పు లేకపోతే, ఇంటి రోజుల్లో కూడా అదే నిరాసక్తత ఉందేమో చూడాలి. ఉంటే కారణం ఆఫీసు కాదు. పనిభారమో, జీతమో, మేనేజర్ తీరో అయి ఉంటుంది. ఆ సంగతిని గుంపులో కాక, ఒక్కొక్కరితో విడిగా కూర్చుని అడగాలి.