చిన్న పార్కుల్లో రోలర్ కోస్టర్లు ఎక్కుతూ రోడ్ ట్రిప్: ప్లాన్ ఎలా వేసుకోవాలంటే

పెద్ద థీమ్ పార్క్‌కి వెళ్ళేటప్పుడు మన బాధంతా క్యూల గురించే. చిన్న పార్కుల ట్రిప్‌లో క్యూ అసలు లెక్కలోకే రాదు, ఆ రోజు పార్క్ తెరిచుంటుందా, తెరిచినా మనం ఏ కోస్టర్ కోసం అంత దూరం బండి నడుపుకుంటూ వస్తున్నామో అది తిరుగుతుందా, ఇదీ అసలు టెన్షన్. చాలా చిన్న పార్కులు సీజన్ మొదట్లోనూ చివర్లోనూ వీకెండ్‌లో మాత్రమే తెరుస్తాయి, కొన్నిట్లో పార్క్ మధ్యాహ్నం తెరిచినా పెద్ద కోస్టర్ ఇంకో గంటకో రెండు గంటలకో గానీ మొదలవ్వదు. అందుకే మ్యాప్ తియ్యకముందే ప్రతి పార్క్ క్యాలెండర్ చూసి, ఏ రోజు ఏది తెరిచుంటుందో ఒక కాగితం మీద రాసుకోండి, రూట్ దాన్నిబట్టి దానంతటదే తేలుతుంది. మ్యాప్ ముందు గీసుకున్నవాళ్ళే మంగళవారం పూట తాళమేసిన గేటు ముందు నిలబడతారు.

ఎక్కడ ఏ కోస్టర్ ఉందో వెతకడానికి రోలర్ కోస్టర్ డేటాబేస్ అనే సైట్ ఉంది, కోస్టర్ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఆర్‌సీడీబీ అంటారు, దేశం రాష్ట్రం వారీగా లిస్ట్ తియ్యొచ్చు. అందులో స్టేటస్ తప్పకుండా చూడండి, ట్రాక్ నిలబడే ఉంటుంది కానీ రైడ్ నడవదు, అలాంటివి చాలా ఉంటాయి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆల్టూనా అనే ఊరి దగ్గర లీప్ ద డిప్స్ అని 1902లో కట్టిన చెక్క కోస్టర్ ఉంది, అది 1985లో ఆగిపోయి మళ్ళీ 1999లో గానీ తిరగలేదు. అదే రాష్ట్రంలో కానియట్ లేక్ పార్క్‌లో 1938 నాటి బ్లూ స్ట్రీక్ అయితే 2022లో కాలిపోయింది. కాబట్టి పాత కోస్టర్ల విషయంలో వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోవద్దు, లిస్ట్‌లో అన్నిటికన్నా పాతదాన్ని మొదటి రోజుల్లోనే పెట్టుకోండి. బయల్దేరే రోజు పొద్దున పార్క్‌కి ఫోన్ చేసి "ఇవాళ ఆ కోస్టర్ నడుస్తోందా" అని కోస్టర్ పేరు చెప్పి మరీ అడగండి, పార్క్ తెరిచుందా అని అడిగితే తెరిచుందనే చెప్తారు, అది మనకి పనికొచ్చే జవాబు కాదు.

రోజుకి ఎన్ని పార్కులు? నన్నడిగితే ఒకటి, మరీ దగ్గరగా ఉంటే రెండు, అంతే. కొత్త కోస్టర్ ఒక్కోటి ఎక్కితే ఒక క్రెడిట్ అని లెక్కపెట్టుకునేవాళ్ళుంటారు, వాళ్ళు ఒక్కసారి ఎక్కేసి పక్క ఊరికి పరిగెడతారు, ఎవరి సరదా వాళ్ళది, కానీ చిన్న పార్క్‌లో ఉన్న అసలు సుఖం ఏంటంటే దిగి మళ్ళీ చుట్టూ తిరిగొచ్చి అదే ట్రైన్ ఎక్కొచ్చు, పెద్ద పార్కుల్లో ఆ ఛాన్స్ దొరకదు. ఒకే కోస్టర్ ముందు సీట్లో ఒకలా ఉంటుంది వెనక సీట్లో ఇంకోలా ఉంటుంది. ట్రైన్ పైకెక్కి ముందు పెట్టె శిఖరం దాటినా మిగతా ట్రైన్ ఇంకా ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి ముందు కూర్చున్నవాళ్ళు కిందకి చూస్తూ కాసేపు వేలాడతారు, వెనక పెట్టె వచ్చేసరికి ట్రైన్ అప్పటికే స్పీడందుకుని ఉంటుంది, వెనకున్నవాళ్ళని ఆ అంచు మీంచి లాగి పడేస్తుంది. సీట్లోంచి లేచిపోయే ఆ క్షణాన్నే ఎయిర్‌టైమ్ అంటారు, దానికోసమే ఇదంతా. మొదటిసారి మధ్యలో కూర్చోండి, తర్వాత ముందు, ఆఖర్న వెనక. చెక్క కోస్టర్లలో సరిగ్గా చక్రాల మీద వచ్చే సీట్లలో కుదుపు ఎక్కువ, నడుం నొప్పి ఉన్నవాళ్ళు రెండు చక్రాల మధ్య వచ్చే వరుస చూసుకోండి.

ఇంకోటి, సాయంత్రం దాకా ఉండండి. పొద్దున మొదటి ట్రైన్‌కి చక్రాల బేరింగుల్లో గ్రీజు చల్లగా గట్టిగా ఉంటుంది, రోజంతా తిరిగి వేడెక్కాక అదే ట్రైన్ తేడా తెలిసేంత ఫాస్ట్‌గా పోతుంది. ఈ ఒక్క కారణంతోనే నేనైతే మధ్యాహ్నం చేరేలా చూసుకుని రాత్రి మూసేదాకా ఉంటా. వానొస్తే చాలా చోట్ల ఆపేస్తారు, తడి మీద బ్రేకులు సరిగ్గా పట్టవు కాబట్టి వాళ్ళు చేసేది కరెక్టే, విసుక్కోకుండా ఆగండి, వాన వెలిసిన తర్వాత అక్కడ మీతో కలిపి నలుగురే ఉంటారు.

పెన్సిల్వేనియాలోనే ఎలిస్‌బర్గ్‌లో కనోబెల్స్ అని ఒక పార్క్ ఉంది, లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, ఎక్కిన రైడ్‌కే డబ్బులు. అక్కడి ఫీనిక్స్ 1940ల చివర్లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో కట్టిన కోస్టర్, దాన్ని విప్పి తెచ్చి 1985లో ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. ట్రైన్ కదలగానే నేరుగా చీకటి సొరంగంలోకి పోతుంది, పక్కనున్న మనిషి కూడా కనపడడు, చెక్క చప్పుడు మాత్రం వినిపిస్తుంది, బయటికొచ్చాక గానీ ట్రైన్‌ని గుట్ట పైకి లాగే చైన్ అందుకోదు. ఒళ్ళో పడే బార్ తొడల్ని నొక్కి పట్టుకోదు, దానికీ మనకీ మధ్య బోలెడంత ఖాళీ, అందుకే చివరి చిన్న చిన్న గుట్టల మీద ప్రతిసారీ సీట్లోంచి పైకి లేస్తాం. ఇలా రైడ్‌కింత అని తీసుకునే పార్కుల్లో ముందే లెక్కేసుకోండి, రెండు మూడుసార్లు చాలనుకుంటే టికెట్లు, ఇక దిగేది లేదనుకుంటే ఎన్నిసార్లైనా ఎక్కనిచ్చే చేతి పట్టీ, అదే రిస్ట్‌బ్యాండ్, కొన్ని పార్కులు రిస్ట్‌బ్యాండ్ కొన్ని రోజుల్లోనే అమ్ముతాయి అది కూడా కనుక్కోండి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి, కొన్ని కోస్టర్లలో ఒక్కరినే ఎక్కనివ్వరు, ట్రైన్‌లో కనీసం ఇంతమంది ఉండాలని రూల్ ఉంటుంది, పక్కన నిలబడ్డ ఫ్యామిలీని ఎక్కుతారా అని అడిగెయ్యండి, చాలామంది వస్తారు. పిల్లల కోస్టర్లలో చాలా వరకు పెద్దవాళ్ళు పిల్లలతో వస్తేనే ఎక్కించుకుంటారు, ఆపరేటర్ వద్దంటే వాదించకండి.

జేబులకి జిప్పుండాలి, కళ్ళజోడుకి వెనక తాడు కట్టుకోవాలి, ఫోన్ బయటికి తియ్యనే కూడదు. డ్రైవింగ్ చేసేవాళ్ళు ఆఖరి రైడ్ దిగిన వెంటనే స్టీరింగ్ పట్టుకోవద్దు, తల తిరుగుడు తగ్గేదాకా ఓ అరగంట కూర్చుని నీళ్ళు తాగండి, ఆ రాత్రికి రూమ్ పార్క్ దగ్గర్లోనే తీసుకుంటే ఇంకా మంచిది, మర్నాడు పొద్దున దూర ప్రయాణం పెట్టుకోవచ్చు. వాంతి భయం ఉంటే ఖాళీ కడుపూ వద్దు నిండు కడుపూ వద్దు, కొంచెం తిని ఎక్కండి, గుండ్రంగా తిరిగే రైడ్ల జోలికి పోకండి, కోస్టర్ కంటే అవే ఎక్కువ తిప్పేస్తాయి.

మూసే టైమ్‌కి గంట ముందే ఆపరేటర్‌ని అడిగి పెట్టుకోండి, లైన్ ఎప్పుడు ఆపుతారు అని. కొన్నిచోట్ల మూసే నిమిషం దాకా లైన్లో నిలబడ్డవాళ్ళందర్నీ ఎక్కిస్తారు, కొన్నిచోట్ల పదిహేను నిమిషాల ముందే గొలుసు వేసేస్తారు, ఆ రోజు మొత్తంలో ట్రైన్ బాగా వేడెక్కి పరిగెత్తేది అప్పుడే కాబట్టి వెనక సీటుకి ముందే వెళ్ళి నిలబడండి.